యూకేలో నర్సుగా బ్యాండ్ 5లో చేరాను, ఇక ముందుకెలా?

లీడ్స్ నుంచి:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో మూడేళ్లు ఐసీయూలో పనిచేశాను. ఇక్కడి ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీ పాసై, పిన్ (నర్సు రిజిస్ట్రేషన్ నంబరు) వచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో, మెడికల్ వార్డులో బ్యాండ్ 5, అంటే నర్సులు మొదలయ్యే జీతం మెట్టు. వెంటిలేటర్ పేషెంట్లను చూసినదాన్ని, ఇక్కడ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరానికి పెట్టే గొట్టం) కూడా పెట్టనివ్వట్లేదు. రూమ్మేటేమో ముందు బ్యాంకు షిఫ్టులు (ఆసుపత్రిలోనే అదనపు డ్యూటీలు) చేసి ఇంటి అప్పు తీర్చు, చదువు సంగతి తర్వాత అంటోంది. నాకు 26. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?

లెస్టర్ నుంచి:
చెల్లీ, కాన్యులా గురించి బాధపడకు. నిన్ను తక్కువ చేసి కాదు. నువ్వు అక్కడ వెయ్యి పెట్టి ఉండొచ్చు, ఇక్కడి ట్రైనింగ్ అయ్యి, ఎవరో ఒకరు పక్కన నిలబడి చూసి సంతకం పెట్టేదాకా ఒప్పుకోరు. ఐవీ మందులు, కాన్యులా, రక్తం తీయడం, మూడింటికీ ట్రైనింగ్ తేదీలు నువ్వే అడుగు. వాళ్లంతట వాళ్లు పిలవరు.

నేను చేసిన తప్పే అది. మన గవర్నమెంటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుకు సర్వీసు పెరిగితే హెడ్ నర్సు వంతు వస్తుంది. ఇక్కడా అంతేననుకున్నా. బ్యాండ్ 5లో రెండేళ్లు నిండాక ఒకసారి, నాలుగేళ్లు నిండాక ఇంకోసారి జీతం ఒక మెట్టు పెరుగుతుంది, అంతే, ఆగిపోతుంది. బ్యాండ్ 6 కావాలంటే ఖాళీ చూసుకుని అప్లై చేసి ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. ఐదేళ్లు ఒకే వార్డులో తలొంచుకుని పనిచేశా. చివరికి నేను పని నేర్పిన అమ్మాయే నాకు సిస్టరై, అంటే నా పైన బ్యాండ్ 6 నర్సై వచ్చింది. ఏడుపొచ్చి మేనేజర్‌ని అడిగితే, "నీకు ఆసక్తి ఉందని ఎప్పుడూ చెప్పలేదుగా" అంది. ఇంటికెళ్లి పాత అప్రైజల్ ఫారాలు (ఏటా మేనేజర్‌తో కూర్చుని నింపేవి) తీశా. వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నారు అన్న గడిలో నా చేతిరాతతో, ఐదేళ్లూ ఒకటే మాట: ఇలాగే కొనసాగుతాను.

రివాలిడేషన్ (మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడం) ఫైలు ఇవాళే మొదలుపెట్టు. మూడేళ్లలో 450 గంటల పని, 35 గంటల ట్రైనింగ్, అందులో 20 గంటలు నలుగురితో కలిసి చేసింది ఉండాలి. ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, ఐదు రిఫ్లెక్షన్లు (పనిలో జరిగినదాన్నుంచి ఏం నేర్చుకున్నామో రాసేవి) కూడా. నేను చివరి నెలలో కూర్చుని ఎప్పుడో జరిగినవి తవ్వుకున్నా. డ్యూటీ అయ్యాక బస్సులో నాలుగు లైన్లు రాసుకో చాలు. రేపు బ్యాండ్ 6 ఇంటర్వ్యూలో "కష్టమైన సందర్భం ఒకటి చెప్పండి" అంటే అవే అక్కరకొస్తాయి.

ఐసీయూ మీద మనసుంటే వార్డులో ఏడాది చేసి అదే ట్రస్టులో (నీ ఆసుపత్రిని నడిపే సంస్థలో) మారు, వీసా తలనొప్పి తక్కువ. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ (రోగిని పరీక్షించి చికిత్స నిర్ణయించే పై స్థాయి నర్సు పని) దాకా వెళ్లాలంటే మాస్టర్స్ కావాలి. నీది జీఎన్ఎం కాబట్టి ముందు టాప్-అప్ డిగ్రీ (డిప్లొమాని డిగ్రీగా మార్చే కోర్సు) చేయాల్సి రావచ్చు. ఫీజు ట్రస్టు కడుతుందేమో అడుగు. కడితే ఇన్నేళ్లు వదిలి వెళ్లకూడదని సంతకం అడగొచ్చు, చదివి పెట్టు.

బర్మింగ్‌హామ్ నుంచి:
అక్క చెప్పింది బాగుంది కానీ అప్పు సంగతి తేలిగ్గా తీసేయకమ్మా. వడ్డీ నెత్తి మీదుంటే పుస్తకం తెరవబుద్ధి కాదు. నేను మొదటి ఏడాది నెలకు మూడు నాలుగు బ్యాంకు షిఫ్టులు చేశా, అన్నీ వేరే వేరే వార్డుల్లో. డబ్బూ వచ్చింది, ఏ వార్డులో మనుషులు మంచివాళ్లో తెలిసింది. వరసగా ఆరు రోజులు మాత్రం చేయొద్దు, పన్నెండు గంటల షిఫ్టులవి. చేతికి జీతం ఎక్కువ వస్తుందని పెన్షన్ వదిలేసేవాళ్లున్నారు, ఆ పని చేయకు. నీ వాటా పోను యజమాని వైపు నుంచి 20 శాతం పైనే పడుతుంది.

లీడ్స్ నుంచి:
థాంక్స్ అక్కా, అన్నా. మంగళవారం మేనేజర్‌తో మీటింగ్ ఉంది. వచ్చి రెండు నెలలకే ఐసీయూకి వెళ్తానంటే ఏమనుకుంటారో అని టెన్షన్.

లెస్టర్ నుంచి:
ఏమీ అనుకోరు. ఏడాది తర్వాత అని చెప్పు. చెప్పి ఊరుకోకు, మేనేజర్ అది అప్రైజల్ ఫారంలో రాసేదాకా కూర్చో.