వీణ, గాత్రం పాఠాల వీడియో: తంబూరా ఊగిపోతోంది, వేళ్లు కనపడటం లేదు

వీణ_అనంతపురం:

అనంతపురంలో ఇంటి ముందు గదిలో వీణ, గాత్రం నేర్పిస్తున్నాను. గది పది అడుగులు బై పన్నెండు. కింద కడప బండలు, పైన స్లాబు, ఒక కిటికీ, ఒక ఫ్యాను. ధర్మవరం, తాడిపత్రి నుంచి ఆదివారం మాత్రమే వచ్చే పిల్లలకు వారమంతా సాధన చేసుకునేందుకు పాఠం వీడియో ఇవ్వాలని. ఒక మంచి ఆండ్రాయిడ్ ఫోను, ఒక పాత ఫోను, ఐదడుగుల ట్రైపాడ్, 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉన్నాయి.

పిల్ల పాడటం ఆపగానే వెనక తంబూరా ఒక్కసారిగా పెద్దదవుతుంది, మళ్లీ ఎత్తుకోగానే అణిగిపోతుంది. వీణలో ఎడమచేతి వేళ్లు కనపడవు, మణికట్టు, చేతి వెనక వైపే కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు వేస్తే తెర మీద నల్ల చారలు పాకుతాయి. శబ్దం పాత ఫోనులో విడిగా తీసి కలిపితే, 20 నిమిషాల వీడియో చివరికొచ్చేసరికి తాళం వేసే చెయ్యి ఒకచోట, దెబ్బ వినపడేది ఒకచోట. కెమెరా కొనకుండా ఇవి సరిచేసుకోవచ్చా?

శబ్దం_కడప:

మేడం, ముందు శబ్దం చూడండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు నేర్చుకుంటారు. నాదం చెడిన వీడియో వారం రోజులు వింటే ఆ చెడే చెవిలో నిలిచిపోతుంది.

తంబూరా ఊగడం ఫోను చేసే పనే. ఫోను మైకు మాటల కోసం తయారైంది. గొంతు గట్టిగా వినపడితే తనే తగ్గించుకుంటుంది, గొంతు ఆగితే తనే పెంచుకుంటుంది. పైగా ఆగకుండా ఒకే తీరుగా వచ్చే తంబూరా దాని లెక్కలో ఫ్యాను చప్పుడులాంటిదే, అందుకే కొన్ని ఫోన్లు నాయిస్ రిడక్షన్ పేరుతో దాన్ని చెరిపేయాలని చూస్తాయి. మామూలు కెమెరా యాప్ వదిలి ఓపెన్ కెమెరా యాప్ వేసుకోండి. వీడియో సెట్టింగుల్లో ఆడియో సోర్స్ దగ్గర అన్‌ప్రాసెస్డ్ పెట్టి చూడండి. మీ ఫోను దాన్ని ఒప్పుకోకపోతే వాయిస్ రికగ్నిషన్ పెట్టండి. చాలా ఫోన్లలో ఊగడం అక్కడితో ఆగిపోతుంది.

ఇంకా బాగా కావాలంటే లాప్‌టాప్‌కు ఒక యూఎస్‌బీ మైకు తగిలించి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో) 48 కిలోహెర్ట్జ్ పెట్టి తీయండి. ఈ అంకె ముఖ్యం. 44.1లో తీసిన ఫైలును ఎక్కడైనా పొరపాటున 48గా చదివితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు (స నుంచి పై స దాకా ఉండేవి పన్నెండు) పైకి పోతుంది. ఇంట్లో తంబూరా పెట్టుకుని పాడే పిల్లకు అది అస్సలు కలవదు. లెవెల్ గట్టి చోట మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. వీణ మీటు మొదటి క్షణంలో చటుక్కున పైకి లేస్తుంది, ఆ చోటు వదలకపోతే పగులుతుంది.

గాత్రానికి మైకు నోటికి అడుగున్నర, రెండడుగుల దూరంలో, గడ్డం కంటే కొంచెం కిందుగా. శ్రుతిపెట్టె (తంబూరా నాదం పలికించే పెట్టె) మైకు వెనక వైపున నాలుగైదు అడుగుల అవతల. వీణకు కుండ పై పలక నుంచి అడుగున్నర ఎత్తులో, పలక వైపు వంచి. కాలర్ మైకు వీణకు పనికిరాదు. అందులో మీ మాట, చీర రాపిడి వస్తాయే తప్ప వీణ నాదం రాదు.

గది మోగుతుందంటే కడప బండ, స్లాబు ఎదురెదురుగా ఉండటమే కారణం. కింద మందమైన జంపఖానా, పాడేవాళ్ల వెనక ఒక బొంత, ఎదుటి గోడకు ఇంకో బొంత తాడు మీద వేస్తే సగం పైగా తగ్గుతుంది. కోడిగుడ్ల అట్టలు అంటించి డబ్బు, శ్రమ దండగ చేసుకోవద్దు. మన ఎండల్లో ఫ్యాను ఆపలేం కాబట్టి వేగం రెండులో పెట్టి, మైకును దాని కింద నుంచి పక్కకు జరిపి, స్పాంజి తొడుగు వేయండి. ఎడిటింగ్‌లో గాత్రానికి 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని కోసేయవచ్చు. వీణకు మాత్రం ఆ కోత 50 దాటనివ్వకండి. సారణి (మొదటి తీగ) 165 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేసిన వీణలో అనుమంద్ర పంచమం (అన్నిటికంటే కింది తీగ) 62 దగ్గర పలుకుతుంది. 80కి కోస్తే ఆ తీగ బక్కచిక్కిపోతుంది.

ఆడాసిటీ నాయిస్ రిడక్షన్ వాడేవాళ్లు చేసే పెద్ద తప్పొకటుంది. తంబూరా మోగుతుండగా నాయిస్ నమూనా తీసుకుంటారు. అప్పుడది షడ్జ, పంచమాలనే నాయిస్‌గా నేర్చుకుని, పిల్ల గొంతులోని అవే స్వరాలను కొరికేస్తుంది. స మీద నిలిచినప్పుడల్లా గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. రికార్డింగ్ మొదట్లో తంబూరా పెట్టకముందే ఫ్యాను ఒక్కటే ఉన్న పది సెకన్లు తీసి, నమూనాకు అదే వాడండి.

ఎడిటింగ్_కర్నూలు:

బొమ్మ సంగతి నేను చెప్తాను. వీణకు ఎదురుగా కెమెరా పెడితే వేళ్లు ఎప్పటికీ కనపడవు. ఎడమ చెయ్యి దండి (వీణ పొడవాటి మెడ) కింద నుంచి చుట్టి పైకి వస్తుంది కాబట్టి ఎదుటివారికి దొరికేది చేతి వెనక వైపే. పాత ఫోనును వాయించేవారి ఎడమ భుజం వెనక నాలుగున్నర, ఐదడుగుల ఎత్తున, వీణ మెట్ల మీదికి వంచి పెట్టండి. రి మెట్టు మీద తీగ లాగి గ పలికించేటప్పుడు తీగ ఎంత పక్కకు జరిగిందో అక్కడి నుంచే తెలుస్తుంది. పిల్లకు కావలసింది ఆ కొలతే. ఈ ఫోను సెకనుకు 60 ఫ్రేములు ఇస్తే అందులో తీయండి, మూడో కాలంలో (నాలుగింతల వేగంలో) వేళ్లు అలికినట్టు పోకుండా ఉంటాయి. ముందు ఫోనుకు 30 చాలు. గాత్రం వాళ్లకు ముఖం దగ్గరికి లాగకండి, తాళం వేసే కుడి చెయ్యి, మోకాలు ఫ్రేములో ఉండి తీరాలి. లెక్క తప్పేది అక్కడే.

చారలకు కారణం మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం. వెలుగు సెకనుకు వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టి లాక్ చేయండి, సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 ఎంచుకోండి. 60 ఫ్రేములకు 1/100 పెట్టాలి.

తాళం జరిగిపోవడానికి రెండు కారణాలు. ఫోను ఫ్రేముల వేగాన్ని వెలుతురును, వేడిని బట్టి మార్చుకుంటూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ (మారని ఫ్రేముల వేగం) ఎంచి 30కి మార్చాకే ఎడిటింగ్‌లోకి తీసుకోండి. రెండోది, రెండు యంత్రాల గడియారాలు ఒక్కలా నడవవు. అందుకే మొదట్లో ఒక చప్పట, చివర ఒక చప్పట కొట్టండి. మొదటిది కలిపాక చివరిది మూడు ఫ్రేములు తప్పిందంటే పదో వంతు సెకను. శబ్దాన్ని అంత మేర సాగదీయండి. 1200 సెకన్లలో 0.1 సెకను అంటే శ్రుతిలో తేడా చెవికి అందదు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో డావిన్చి రిజాల్వ్ 8 జీబీ ర్యామ్‌కు బరువు. షాట్‌కట్ ఉచితం, అందులో ప్రాక్సీ (ఎడిటింగ్ వరకు వాడే చిన్న నకలు) ఆన్ చేస్తే హాయిగా నడుస్తుంది.

వీణ_అనంతపురం:

చాలా ఉపయోగం అండీ. మధ్యలో తప్పు వాయించిన చోటు కోస్తే తంబూరా టక్కుమంటోంది, దానికేం చేయాలి? వేగం తగ్గించి చూపించాలంటే ఎంత వరకు తగ్గించవచ్చు?

ఎడిటింగ్_కర్నూలు:

కోత ఎప్పుడూ సమం (తాళం మొదటి దెబ్బ) ముందే పెట్టండి, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మధ్యలో వద్దు. బొమ్మ అక్కడికక్కడే మారనివ్వండి, శబ్దానికి మాత్రం పావు సెకను క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ కలవడం) ఇవ్వండి. తంబూరా అతుకు తెలియదు. వేగం 75 శాతం దాకా బాగుంటుంది. పిచ్ మారకుండా ఉంచే టిక్కు పెట్టారో లేదో చూసుకోండి, లేకపోతే శ్రుతి దాదాపు ఐదు స్వరస్థానాలు పడిపోతుంది. 50 శాతానికి వెళ్తే మీటు చెదిరి గరగరలాడుతుంది. అంత నిదానం కావాలంటే మీరే ఒకటో కాలంలో వాయించి విడిగా తీయడం మేలు.

గాత్రం_ప్రొద్దుటూరు:

ఇవన్నీ సరే గానీ, పాఠం మొత్తం ఇవ్వడం నాకు సరి కాదనిపిస్తుంది మేడం. 40 నిమిషాల వీడియో ఇస్తే పిల్లలు చూడరు, చూసినా తప్పు వాయించిన పదిసార్లు కూడా వింటారు. మూడు ముక్కలు చాలు. మీరు పూర్తిగా వాయించినది, అదే వేళ్ల దగ్గరగా నిదానంగా, చివర పిల్ల వాయించినదానిలో ఒక్క సవరణ. అన్నీ కలిపి ఆరు నిమిషాలు మించనివ్వకండి. ఎడిటింగ్ కూడా అరగంటలో అయిపోతుంది, లేకపోతే రెండు నెలల్లో మానేస్తారు.

1080 రిజల్యూషన్, 30 ఫ్రేముల వీడియో హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి)లో నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. 40 నిమిషాలకు ఐదు జీబీ పైనే. 4కే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఫోను కాగి రికార్డింగ్ దానంతట అదే ఆగిపోతుంది, కవరు తీసి, ఛార్జరు పీకి తీయండి. ఛార్జరు తగిలించి ఉంటే కొన్ని మైకుల్లో జుయ్‌మనే చప్పుడు కూడా ఎక్కుతుంది.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. లేదా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెట్టి లింకు ఇవ్వండి. ఆ లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లు చూడగలరు కాబట్టి పిల్లల ముఖాలున్న ముక్క అందులో వద్దు. అమ్మానాన్నల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏం తీస్తారు, ఎవరికి పంపుతారు, ఎప్పుడు తుడిచేస్తారు అని మూడు వాక్యాలు రాస్తే చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. పదిహేడేళ్ల అమ్మాయి తనే సరేనన్నా ఇంట్లోవాళ్ల సంతకం ఉండాలి.

శబ్దం_కడప:

ఒక్క మాట మరిచాను. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అడాప్టరు గుర్‌మంటే, దాన్ని తీసి బ్యాటరీల మీద పెట్టుకోండి. లేదంటే తంబూరా యాప్‌ను మూడో ఫోనులో వేయండి. రికార్డు చేస్తున్న ఫోనులోనే యాప్ పెడితే స్పీకరు మైకుకు అంగుళం దూరంలో ఉండి గొంతును మింగేస్తుంది.