ప్రమాదంలో అన్నయ్య ఒక్కడే బతికాడు. పోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లకు ఏం చెప్పాలి?

తమ్ముడొకడు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్య, తనతో పనిచేసే ఇంకో ఐదుగురు ఒకే బండిలో వెళ్తుంటే రాత్రిపూట యాక్సిడెంట్ అయింది. ఆ ఐదుగురూ పోయారు. అన్నయ్యకి భుజం ఎముక విరిగింది, తలకి కుట్లు పడ్డాయి, అంతే. ఆరేడు నెలలవుతోంది, ఒళ్లు బాగుపడింది, డాక్టర్లు ఇక రానక్కర్లేదన్నారు కూడా. మనిషి మాత్రం మునుపటి మనిషి కాదు. నిద్రపోడు. బండి ఎక్కమంటే చెమటలు పడతాయి. పొరపాటున నవ్వితే, ఎవరైనా చూశారేమో అన్నట్టు టక్కున ఆపేస్తాడు, అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇవన్నీ మెల్లగా తగ్గుతాయిలే అనుకున్నాం. అసలు సమస్య ఫోన్లు. ఆ బండిలో ఏం జరిగిందో తెలిసినవాడు తనొక్కడే కదా, అందరూ తననే అడుగుతారు. మావాడు చివర్లో ఏమన్నాడు బాబూ, నొప్పి తెలిసిందా, బెల్టు పెట్టుకున్నాడా... ఒకావిడైతే ప్రతి ఆదివారం చేస్తారు. మీవాడు నిద్రలోనే పోయాడమ్మా, ఏమీ తెలియలేదు అని ఆమెకి చెప్పాడు అన్నయ్య. అది నిజం కాదు. ఆ కుర్రాడు చాలాసేపు పిలుస్తూనే ఉన్నాడట, కాలు ఇరుక్కుపోయి అన్నయ్య కదల్లేకపోయాడట. ఒక రాత్రి నాకు మాత్రం చెప్పాడు. పైగా దారిలో ఆగినప్పుడు ఇద్దరూ సీట్లు మార్చుకున్నారట, వాంతొచ్చేలా ఉంది కిటికీ పక్కన కూర్చుంటానని ఆ కుర్రాడే అడిగాడట.

ఇప్పుడు ఆదివారం అంటే శనివారం నుంచే టెన్షన్. ఫోన్ మోగుతుంది, తీస్తాడు, అదే అబద్ధం మళ్లీ చెప్తాడు, పెట్టేశాక బాత్రూంలోకెళ్లి నీళ్లు తిప్పుకుని కూర్చుంటాడు. నంబర్ బ్లాక్ చేద్దామంటే ఒప్పుకోడు. ఇంట్లో పెద్దవాళ్లేమో "నువ్వు అదృష్టవంతుడివిరా, దేవుడు నిన్ను ఏదో పనికోసమే ఉంచాడు" అంటారు. ఇక ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు.

ఆ ఫోన్లు ఆపించాలా? ఆ తల్లికి నిజం చెప్పమనాలా? కౌన్సెలింగ్ మాటెత్తితే "నాకేం పిచ్చా" అంటున్నాడు.

ఒడ్డున పడ్డదాన్ని:

తమ్ముడూ, నేను పడవ ప్రమాదంలో ఒక్కదాన్నే మిగిలాను. చాలా ఏళ్లయింది, వివరాలు రాయను.

ముందు ఆ అదృష్టం మాట ఆపించు. ఇంట్లో చిన్నవాడివైనా సరే, గట్టిగా చెప్పు. నిన్ను ఏదో పనికోసం ఉంచాడు అంటే మిగతావాళ్లతో ఏ పనీ లేక తీసుకుపోయాడనేగా? పెద్దవాళ్లు అంత ఆలోచించి అనరు, మాకు మాత్రం అదే వినిపిస్తుంది. ఇక ఆ పనేంటో వెతుక్కోవాలి, పోయినవాళ్లందరి వంతూ నేనే బతికి చూపించాలి. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ముందు ఊరికే కూర్చోవడానికి కూడా నాకు సిగ్గేసేది.

వెస్నా వులోవిచ్ అని ఒక ఎయిర్ హోస్టెస్ ఉండేది. 1972 జనవరిలో యుగోస్లావియా విమానం గాల్లోనే పేలిపోతే 10,160 మీటర్ల ఎత్తు నుంచి పడి కూడా బతికింది, 28 మందిలో ఆమె ఒక్కతే. గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. ఆమేమో, నాకు అదృష్టమే ఉంటే అసలు ఆ ప్రమాదమే జరిగేది కాదు కదా అనేది. ఆమెకి ప్రమాదం గుర్తే లేదు, అయినా నేనెందుకు మిగిలానన్న బాధ వదల్లేదు. మీ అన్నయ్యకి అన్నీ గుర్తున్నాయి.

ఇంకోటి, నలుగురితో కలిసి బయటపడటం వేరు, ఒక్కరే మిగలడం వేరు. రెండోవాళ్లుంటే "అప్పుడు లైట్లు ఆరిపోయాయా, నేనే కళ్లు మూసుకున్నానా" అని అడగొచ్చు. నాకు అడగడానికి ఎవరూ లేరు. ఎవరు ముందు అరిచారు, ఎవరు ఎవరి చెయ్యి వదిలారు, అన్నీ నా ఒక్కదాని తలలోనే ఉన్నాయి, వాటిలో ఎంత నిజమో ఎంత నేను తర్వాత కలుపుకున్నదో నాకే తెలీదు. అలాంటిదాన్ని పట్టుకుని జనం కోర్టులో సాక్షిని అడిగినట్టు అడుగుతారు.

అందుకే అంటున్నాను, ఆ తల్లికి నిజం చెప్పించొద్దు. చెప్పాక ఆమె ఏడుపు కూడా మీ అన్నయ్య లెక్కలోనే పడుతుంది.

విమానాల పిచ్చోడు:

ఒక్కరే బతికిన విమాన ప్రమాదాల గురించి చాలా చదివాను కాబట్టి రాస్తున్నా, సలహా చెప్పేంతవాణ్ని కాదు.

2009 జూన్ 30న కొమొరోస్ దగ్గర యెమెనియా విమానం సముద్రంలో కూలింది. 153 మందిలో మిగిలింది బహియా బకారి అనే చిన్నపిల్ల ఒక్కతే. శకలం ముక్క పట్టుకుని గంటల తరబడి నీళ్లలో ఉంది. తనొక్కతే విమానంలోంచి పడిపోయిందనీ, అమ్మ మిగతావాళ్లతో క్షేమంగా దిగి ఉంటుందనీ అనుకుందట. అమ్మ లేదని ఆసుపత్రిలో తెలిసింది. ఆ పిల్ల పెద్దయ్యాక 2022లో పారిస్ కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. అంటే మాట్లాడగలిగే రోజు రాకుండా పోదు, కానీ దానికి పదమూడేళ్లు పట్టాయి.

2010లో ట్రిపోలీ ప్రమాదంలో తొమ్మిదేళ్ల డచ్ పిల్లాడు ఒక్కడే మిగిలితే, ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఒక విలేకరి ఫోన్‌లో మాట్లాడించాడు. దాని మీద పెద్ద గొడవే అయింది. తర్వాత బంధువులు మమ్మల్ని వదిలేయండని మీడియాని కోరారు. మొన్న 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం చూశాం కదా, విమానంలో 241 మంది పోయారు, బతికిన ఒక్కరి తమ్ముడు కూడా అందులోనే. 11ఏ సీటు అదృష్టమని జనం తెగ షేర్ చేశారు. భార్యతోనూ కొడుకుతోనూ కూడా మాట్లాడలేకపోతున్నాను, గదిలో ఒంటరిగా కూర్చుంటున్నాను అని ఆయన నెలల తర్వాత చెప్పాడు, అది షేర్ చేసినవాళ్లు తక్కువ.

జార్జ్ లామ్సన్ అని ఇంకొకాయన. 1985లో అమెరికాలోని రెనో విమాన ప్రమాదంలో 70 మంది పోయారు, వాళ్లలో ఆయన తండ్రి ఒకరు. అప్పటికి ఈయనకి 17 ఏళ్లు. చాలా ఏళ్ల తర్వాత తనలా ఒక్కరే మిగిలినవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. మీ అన్నయ్య కౌన్సెలర్‌తో మాట్లాడకపోయినా, పైన రాసిన అక్కలాంటివాళ్లతో మాట్లాడతాడేమో చూడండి.

మనసు డాక్టర్ (క్లినికల్ సైకాలజిస్ట్‌ని):

మొదటి నెలలో నిద్రలేమి, ఉలికిపాటు చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి కూడా. ఇక్కడ ఆరు నెలలు దాటింది, కాబట్టి పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు) ఉందేమో చూపించుకోవాల్సిందే. నేను బతికి తప్పు చేశాననే భావన దానితోపాటు చాలా తరచుగా వస్తుంది. విలియం నీడర్‌లాండ్ అనే సైకియాట్రిస్ట్ నాజీ క్యాంపుల నుంచి బయటపడ్డవాళ్లలో దీన్ని గమనించి 1960లలోనే రాశాడు. 1980 నాటి డీఎస్ఎం-3 (అమెరికా సైకియాట్రిస్టులు వాడే మానసిక జబ్బుల పుస్తకం) పీటీఎస్‌డీ లక్షణాల్లో దీన్నీ చేర్చింది. అది పిచ్చి కాదు, బలహీనతా కాదు.

సీటు విషయం గురించి. "నీ తప్పు కాదు" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా దిగదు, చెప్పి చెప్పి అలసిపోకండి. తప్పు నాదే అనుకోవడంలో ఒక రకమైన ఆసరా ఉంది. నాదే అయితే కనీసం దేనికో ఒక కారణం ఉన్నట్టు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు అనేది దానికంటే భయంకరం. థెరపీలో మేం వాదించం. సీటు మార్చుకున్న ఆ నిమిషంలో నీకేం తెలుసు అని అడుగుతాం, అక్కణ్నుంచి మెల్లగా నడిపిస్తాం. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరుని మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స), ఈ రెండింటికీ మంచి ఆధారాలున్నాయి.

నిద్రమాత్రలు సొంతంగా వేయకండి. డయాజిపామ్ లాంటివి మొదటి నెలలో ఇవ్వొద్దని డబ్ల్యూహెచ్ఓ 2013లోనే చెప్పింది, తర్వాతైనా అలవాటయ్యే ప్రమాదం ఉంది. మందు తాగడం పెరిగిందా చూడండి. "నేనూ పోయుంటే బాగుండేది" అంటున్నాడా? అంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.

ఆ తల్లికి నిజం చెప్పాలా వద్దా అనేది మీరూ మేమూ తేల్చేది కాదు, అతనే తేల్చుకోవాలి, అదీ ఇప్పుడే కాదు. ముందు ఆ రాత్రంతా ఎవరి దగ్గరైనా పూర్తిగా చెప్పుకోగలగాలి.

అక్కని (పోయినవాడికి):

నేను ఫోన్ చేసేవైపు మనిషిని. మా తమ్ముడు పోయిన ప్రమాదంలో ఒకబ్బాయి మిగిలాడు. నేనూ అడిగాను. వెంటనే పోయాడక్కా, బాధపడలేదు అన్నాడు. పోస్టుమార్టం రిపోర్టు అప్పటికే నా చేతిలో ఉంది, అది అబద్ధమని నాకు తెలుసు. కోపం రాలేదు. మళ్లీ చేశాను, ఆ తర్వాతా చేశాను.

ఎందుకు చేశానో చెప్తాను. మావాణ్ని ఆఖరిసారి చూసినవాడు అతను. నాకు ఆ చివరి నిమిషం కాదు కావాల్సింది, దానికి ముందు గంటలు. బండిలో ఏం పాట పెట్టమని గొడవ చేశాడు, ఎవరిని ఏడిపించాడు. అడగడం రాక "చివర్లో ఏమన్నాడు" అని అడిగేవాళ్లం. ఆదివారం ఆవిడకి మీ అన్నయ్య అవి చెప్పొచ్చుగా? వాటిలో అబద్ధం అక్కర్లేదు. బ్లాక్ మాత్రం చేయకండి, ఆ తలుపూ మూసుకుపోతే ఆవిడ తట్టుకోలేదు.

ఒడ్డున పడ్డదాన్ని:

అక్కా, మీ మాట కాదనను. కానీ ప్రతి ఆదివారమంటే అతను తట్టుకోలేడు. నెలకోసారికి తగ్గించండి, టైమ్ మీరే పెట్టండి, ముందు నువ్వు తియ్యి తమ్ముడూ.

తమ్ముడొకడు:

అందరికీ థాంక్స్. ఇవన్నీ అన్నయ్యకి చదివి వినిపించాను, మధ్యలో లేచి వెళ్లిపోతాడనుకున్నా, వెళ్లలేదు. చనిపోవాలనిపిస్తోందా అని అడిగేశాను కూడా. "లేదు, కానీ బతకాలనీ పెద్దగా లేదు" అన్నాడు. ఈ ఆదివారం ఫోన్ నేనే తీసి మాట్లాడాక ఇస్తానన్నాను, సరేనన్నాడు. ఆ కుర్రాడు దారంతా తన చెల్లెలి పెళ్లి ఖర్చుల గురించే లెక్కలు వేస్తూ వచ్చాడట, అది చెప్తానన్నాడు.

డాక్టర్ గారూ, ఒక్కటే అడగమన్నాడు. ఆ ఈఎండీఆర్‌లో జరిగిందంతా నోటితో చెప్పాలా?

మనసు డాక్టర్:

అక్కర్లేదు. ఆ దృశ్యం మనసులో ఉంచుకుంటే చాలు, వివరాలన్నీ బయటికి చెప్పమని పట్టుబట్టం. మొదటి ఒకటి రెండు సార్లు అసలు ఆ రాత్రి జోలికే వెళ్లం, నిద్ర గురించీ ఊపిరి గురించీ మాట్లాడతాం. మొదటిసారి మీరు కూడా లోపలికి రావచ్చు, తనకి ఇష్టమైతే. "బతకాలనీ పెద్దగా లేదు" అన్న మాట మాత్రం ఫోన్‌లోనే చెప్పి, ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ అడగండి.