లోపలివాళ్లకు రేడియో ఎందుకు వినపడలేదు?

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ఫైర్ సిబ్బంది వెంటే ఉండి ఇద్దరు ఫ్రెంచ్ అన్నదమ్ములు తీసిన డాక్యుమెంటరీ రాత్రి చూశాను. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల్లో ఒకటైన నార్త్ టవర్ లాబీలో ఆఫీసర్లు నిలబడి ఉంటారు, బయట ధబ్‌మని చప్పుడవుతూ ఉంటుంది. అవి పైనుంచి పడుతున్న మనుషులని అర్థమయ్యాక కాసేపు ఆపేశాను. తర్వాత నిద్ర పట్టలేదు.

నా సందేహం మాత్రం వేరే. 9:59కి సౌత్ టవర్ కూలగానే నార్త్ టవర్‌లో ఉన్నవాళ్లని దిగిపొమ్మని రేడియోలో చెప్పారు. చాలామందికి అది వినపడనే లేదు. 10:28కి అదీ కూలింది. ఆ రోజు పోయిన ఫైర్ సిబ్బంది 343 మంది. 1993 బాంబు దాడి తర్వాత అక్కడ రిపీటర్ (రేడియో సిగ్నల్‌ని అందుకుని బలంగా తిరిగి పంపే పరికరం) కూడా పెట్టారు కదా, మరి ఎందుకలా? ఎత్తైన భవనాల్లో చేతి రేడియో సిగ్నల్ అంతగా ఎందుకు పడిపోతుంది? ఫైర్ సర్వీసులో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే మామూలు మాటల్లో చెప్పరూ (ఫిజిక్స్‌లో నేను అంతంత మాత్రమే).