గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి ఎపిసోడ్ మీద చర్చ గొడవ కాకుండా నడపడం ఎలా? (స్పాయిలర్లు ఉన్నాయి)

వంతెన_కాపలా:
మా బ్యాచ్ తొమ్మిదిమందిమి ఈ ఇంగ్లిష్ టీవీ సిరీస్ ఎనిమిది సీజన్లూ వరసగా చూసుకుంటూ వచ్చాం. ఈ ఆదివారం చివరి రెండు ఎపిసోడ్లు. ముగ్గురికి ఇదే మొదటిసారి. మిగతావాళ్లలో చాలామందికి 2019 మే 20 సోమవారం పొద్దున ఆరున్నరకి హాట్‌స్టార్‌లో చూసినప్పటి మంట ఇంకా చల్లారలేదు. ఇద్దరికి మాత్రం ఆ ముగింపే ఇష్టం. చూశాక గంటసేపు మాట్లాడుకోవాలని ప్లాన్. "నచ్చిందా, లేదా" అని మొదలుపెడితే ఐదు నిమిషాల్లో అరుపులే. ఎలా నడపమంటారు?

కత్తెర_బల్ల:
ముందు ఆ "నచ్చిందా" అన్న ప్రశ్నే పక్కన పెట్టండి. అందులో రెండు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి: కథ ఎక్కడ తేలింది, అక్కడికి ఎలా వచ్చింది. ఐదో ఎపిసోడ్‌లో రాజధానిని తగలబెట్టే డ్రాగన్ల రాణి డెనేరిస్ అసలు అలాంటి మనిషే కాదని ఒకరు అంటారు. తగలబెడితే తగలబెట్టింది, కానీ ఊరు లొంగిపోయినట్టు గంటలు మోగాక డ్రాగన్ మీద కూర్చున్న ఆమె ముఖాన్ని కాసేపు చూపించి అంత పెద్ద నిర్ణయాన్ని తేల్చేస్తే ఎలాగని ఇంకొకరు అంటారు. ఇద్దరి నోటా వచ్చేది "నచ్చలేదు" అనే మాటే. మెచ్చుకునేవాళ్లు మొదటాయనకి చెప్పాల్సిన జవాబు రెండో ఆయనకి చెప్తారు, అక్కడ అంటుకుంటుంది. తొలి ఆరు సీజన్లకీ పదేసి ఎపిసోడ్లు, ఏడో దానికి ఏడు, ఎనిమిదో దానికి ఆరే. తొందరపడ్డారన్న ఫిర్యాదు అక్కణ్నుంచి వచ్చిందే. ముగింపు నచ్చినవాళ్లు కూడా ఈ ఒక్క మాట ఒప్పుకోవచ్చు.

తలా రెండు చీటీలు ఇవ్వండి, ఎపిసోడ్‌కి ఒకటి. ఒక్కో దాని మీద రెండు మార్కులు, పదికి ఇన్ని అని: ఏం జరిగిందన్నదానికి ఒకటి, ఎలా తీశారన్నదానికి ఒకటి. ఎవరూ నోరు విప్పకముందే రాయాలి. ఐదో ఎపిసోడ్ చీటీ ఆరోది మొదలవకముందే చేతికి తీసుకోండి, ఇది మర్చిపోవద్దు. ఆఖరి ఎపిసోడ్‌లో డెనేరిస్ సలహాదారు టిరియన్ చెరలో ఉండి, ఆమె ప్రేమించిన జాన్‌తో వాదిస్తాడు కదా, ఆమె వెళ్లిన ప్రతిచోటా చెడ్డవాళ్లే చచ్చారు, మనం చప్పట్లు కొట్టాం అని. అది విన్నాక ఐదో ఎపిసోడ్ మీద కొందరి అభిప్రాయం మారుతుంది. ముందు రాసింది చేతిలో ఉంటే ఆ మార్పు గురించే మాట్లాడుకోవచ్చు.

రెండు మార్కుల మధ్య తేడా ఎక్కువున్న చీటీతో మొదలుపెట్టండి. 8, 3 వేసినవాళ్ల దగ్గర సరుకు ఉంటుంది. 0, 0 వేసినవాళ్లని ఆఖర్న పిలవండి.

రీవాచ్_బాబాయ్:
చీటీల పద్ధతి బావుంది గానీ, కొత్తవాళ్లు ముగ్గురూ ముందు మాట్లాడాలి, తలా రెండు నిమిషాలు. పాతవాళ్లు మొదలెడితే వాళ్లు సొంత అభిప్రాయం మింగేసి తలూపుతారు.

ఇంకోటి. ప్రతి ఒక్కరూ తమ వాదనకి అడ్డం వచ్చే సీన్ ఒకటి తేవాలని షరతు పెట్టండి. డెనేరిస్ మారిన తీరు అతకలేదనేవాళ్లు రెండో సీజన్ చివర్లో ఆమెకి కలలాంటి దర్శనంలో కనిపించే పాడుబడ్డ సింహాసన మందిరం గురించి చెప్పాలి, లేదా నాలుగో సీజన్‌లో 163 మంది బానిసల యజమానుల్ని ఆమె కొయ్యలకి కొట్టించి చంపించడం గురించి. అంతా ముందునుంచే ఉందనేవాళ్లు అదే నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ తీయాలి: డ్రాగన్ కాల్చేసిన కూతురి ఎముకలు మూటగట్టి తెచ్చిన తండ్రిని చూసి, తన మూడు డ్రాగన్లలో చేతికందిన రెండింటికీ తనే గొలుసులు వేస్తుంది. ఈ సీన్ ముందు పెడితే రెండు పక్షాలూ కాస్త మెత్తబడతాయి.

నల్లతెర:
ఇంత తతంగం దేనికి బాబాయ్? పుర్రెకో బుద్ధి అని వదిలెయ్యక. అయినా సీజన్ మళ్లీ తీయమని 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఇంకా చర్చేంటి?

కత్తెర_బల్ల:
@నల్లతెర అదే సీజన్ 12 ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) పట్టుకుపోయింది, ఉత్తమ డ్రామాతో కలిపి. ఆఖరి ఎపిసోడ్‌ని మొదటి రాత్రే అమెరికాలో 1.93 కోట్ల మంది చూశారు. నువ్వు సంతకాలు తీస్తే వాళ్లు ఎమ్మీలు తీస్తారు, ఇంక ఎపిసోడ్ గురించి మాట్లాడేదెవరు? అందుకే ఇలాంటి అంకెల్ని గుమ్మం బయటే వదిలేసి రమ్మనాలి. ఇక పుర్రెకో బుద్ధి అంటావా, అది చర్చ అయ్యాక అనాల్సిన మాట. ముందే అంటే నోరు మూసుకోమన్నట్టే.

రీవాచ్_బాబాయ్:
కొన్ని మాటలు కూడా ఆపాలి. "నీకు అర్థం కాలేదు" అని ఎవరైనా అంటే, ఏ సీన్ అర్థం కాలేదో చెప్పమనండి. "పుస్తకాలు చదివితే తెలిసేది" అన్నది ఇక్కడ చెల్లదు. ఈ సిరీస్‌కి మూలమైన నవలల్లో ఐదోది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు, కాబట్టి పుస్తకంలో ముగింపు చదివినవాళ్లే లేరు. మూడో ఎపిసోడ్ ఏమీ కనిపించనంత చీకటిగా ఉండటం, నాలుగో ఎపిసోడ్‌లో పొరపాటున తెర మీద మిగిలిపోయిన కాఫీ కప్పు, ఇవి టీ టైమ్‌కి. నవ్వుకోడానికి బావుంటాయి, కానీ చర్చని పక్కదారి పట్టిస్తాయి.

ఆఖర్న బ్రాన్ అనే కుర్రాడు రాజవడం మీద వేరే పావుగంట పెట్టుకోండి, డెనేరిస్‌తో కలపొద్దు. ఐదో సీజన్ మొత్తం కనిపించని పిల్లాడికి "కథ ఉంది" అని కిరీటం పెట్టడం చాలామందికి మింగుడు పడదు. నాకైతే అక్కడ బ్రాన్ అక్క సాన్సా ఉత్తర రాజ్యాన్ని విడగొట్టుకుంటుంటే మిగతా ఏలికలెవరూ కిమ్మనకపోవడమే పెద్ద లోటు. రచయితల్ని ఎంతైనా ఏకిపారేయొచ్చు, నటుల జోలికి మాత్రం పోనివ్వకండి.

వంతెన_కాపలా:
చీటీలు, షరతు సీన్ రెండూ పెడుతున్నా. రెండు ఎపిసోడ్లకీ టైమ్ ఎంత పడుతుంది? ఎన్నింటికి మొదలెట్టమంటారు?

కత్తెర_బల్ల:
ఒక్కోటి గంటా ఇరవై నిమిషాలకి అటూఇటూగా ఉంటుంది. మధ్యలో చీటీకీ టీకీ పావుగంట. నాలుగింటికి పెడితే ఏడుకి అయిపోతుంది, ఎనిమిదిన్నరలోపు చర్చ కూడా ముగించేయొచ్చు. ఆకలి మీదున్నవాళ్లతో బ్రాన్ గురించి మాట్లాడించకండి.