బిగుసుకుపోయిన సీసా మూతలు: ఏ మూతకి ఏ పనిముట్టు?

డాబాగార్డెన్స్ వంటిల్లు
పచ్చడి సీసాలు, జామ్ సీసాలు, తేనె సీసాల మూతలు తియ్యడానికి చేతి పనిముట్టు ఒకటి కొనాలి. వాడేది వేళ్ల కీళ్లు పట్టేసే పెద్దవాళ్లు. కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ చూస్తే రబ్బరు పట్టీది, అడకత్తెరలా రెండు చేతుల పట్టున్నది, అర కింద మరలతో బిగించేది, గుండ్రటి సిలికాన్ ముక్క, ఇలా బోలెడు రకాలున్నాయి. ఏది దేనికి పనికొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. ధర సంగతి తర్వాత, చేతికి శ్రమ తగ్గాలి.

గాజువాక ఫిట్టర్
పనిముట్టు కొనేముందు మూతని ఏది పట్టుకుని ఉందో చూడండి. కొత్త జామ్ సీసాకీ, ఆర్నెల్లుగా వాడుతున్న ఆవకాయ సీసాకీ ఒకే వైద్యం పని చెయ్యదు.

కొత్త సీసా అయితే పట్టుకున్నది లోపలి ఖాళీ. వేడిగా నింపి మూత పెడతారు, చల్లారాక లోపల ఆవిరి నీరైపోయి ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి మూతని కిందికి నొక్కుతుంది. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు 1 కిలో. 70 మిల్లీమీటర్ల మూత వైశాల్యం 38 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. లోపల ఒత్తిడి సగానికి పడితే మూత మీద 19 కిలోల బరువు పెట్టినట్టే లెక్క. అదే 82 మిల్లీమీటర్ల మూతకి 26 కిలోలు దాటుతుంది. పెద్ద మూత మొండికెయ్యడానికి కారణం ఇదే. మూత నడుమ భాగం లోపలికి గుంటపడి, వేలితో నొక్కినా టిక్కుమనకపోతే ఖాళీ ఇంకా ఉన్నట్టు.

వాడుకలో ఉన్న సీసా అయితే ఖాళీతో పనిలేదు. మరల్లో ఎండిన పాకమో, జిగురుకట్టిన నూనో, ఉప్పుకి పట్టిన తుప్పో ఉంటుంది. ఖాళీకి కావలసింది మూత అంచు ఒక్క వెంట్రుకవాసి లేవడం. జిగురుకి కావలసింది నానడం. ఈ రెండూ కాకుండా ఊరికే చెయ్యి జారుతుంటే అప్పుడు పట్టు పెంచే సామాను.

పెందుర్తి పచ్చళ్లు
ఫిట్టర్ గారు చెప్పిన మొదటి రకానికి అసలు పనిముట్టు మూత లేపే మీట. ఇది తిప్పేది కాదు, లేపేది. ప్లాస్టిక్ది, అరచేతిలో ఇమిడిపోతుంది. దాని కొక్కెం మూత అంచు కింద పెట్టి, పై భాగం మూత మీద ఆనించి, పిడిని పైకి లాగాలి. టక్కుమని చప్పుడొచ్చి నడుమ గుంట పైకి లేస్తుంది. ఇక రెండు వేళ్లతో తిప్పితే చాలు. కీళ్ల నొప్పులున్నవాళ్లకి దీనికి మించినది లేదని నా అభిప్రాయం, మెలితిప్పే పని దాదాపు ఉండదు కాబట్టి.

జామ్ సీసాల రేకు మూతలకి మొత్తం చుట్టూ మరలుండవు. లోపలి అంచున నాలుగో ఆరో చిన్న నాలికలు లోపలికి మడిచి ఉంటాయి. అవి గాజు మీది ఏటవాలు గట్ల కింద పట్టుకుంటాయి. పావు చుట్టు తిరిగితే మూత ఊడి చేతికొస్తుంది. అందుకని వీటి మీద బలం చూపించనక్కర్లేదు. మీట లేకపోతే స్టీలు చెంచా కాడ వాడొచ్చు: రెండు నాలికల మధ్య ఖాళీలో కాడ కొస పెట్టి, మెల్లగా బయటికి వంచాలి. ఒకచోట రాకపోతే పక్క ఖాళీలో చూడాలి. కత్తి మొన మాత్రం పెట్టకండి. జారితే రెండో చెయ్యే ఎదురుగా ఉంటుంది, పైగా గాజు అంచు పెచ్చు లేస్తుంది. పెచ్చు లేచిన సీసాలో సరుకు వడగట్టి వాడుకునేది కాదు, మొత్తం పారబోయాల్సిందే.

ప్లాస్టిక్ మరమూతలకి మీటతో పని జరగదు. అంచు వంగి విరుగుతుందంతే.

కంచరపాలెం సైకిల్
మూడో రకానికి, అంటే చెయ్యి జారే మూతలకి, పది రూపాయల మాట సెప్తాను. సైకిల్ షాపులో పాత ట్యూబు అడగండి. మూడు సెంటీమీటర్ల వెడల్పున అడ్డంగా కోస్తే గట్టి రబ్బరు ఉంగరం అవుద్ది. సిన్న మూతలకి అలగే సాగదీసి తొడగొచ్చు. జామ్ మూతంత పెద్దదైతే ట్యూబుని నిలువునా సీల్చి, జానెడు ముక్కని మూత సుట్టూ కప్పి పట్టుకోండి. లోపలి వైపు పౌడరు ఉంటాది, సబ్బుతో కడిగి ఆరబెట్టాకే వాడండి, లేపోతే రబ్బరు కూడా జారుద్ది.

కొట్లో దొరికే సిలికాన్ ముక్క పల్చగా ఉంటే మడత పడిపోద్ది. అర్ధరూపాయి బిళ్లంత మందం ఉంటే పర్లేదు. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు అయినా సరిపోద్ది.

అన్నిటికన్నా ముందు మూతకున్న నూని తుడవండి. నూని మీద ఏ రబ్బరూ ఆగదు. పొడి గుడ్డ సాలదు, సబ్బునీళ్ల గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ.

గాజువాక ఫిట్టర్
పై మాటకి ఒకటి కలుపుతాను. ప్లాస్టిక్ మూతని ఎంత గట్టిగా పిసికితే అంత బిగుస్తుంది. రెండు వైపులా నొక్కేసరికి గుండ్రటి మూత కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, మరలు ఆ రెండు చోట్లా గాజుని కరిచి పట్టుకుంటాయి. అడకత్తెర రకం పనిముట్టుతోనూ ఇదే ఇబ్బంది: పట్టు రెండు పక్కలే. రేకు మూతకి, 28 మిల్లీమీటర్ల నీళ్లసీసా మూతకి అది బాగుంటుంది. వెడల్పాటి మెత్తని మూతకి చుట్టూ సమానంగా పట్టేది కావాలి. అదే రబ్బరు పట్టీ పానా.

పట్టీ పానాలో అందరూ తడబడేది దిక్కు దగ్గర. పట్టీని మూత చుట్టూ వేసి, కొస లాగి, బిగుతు చెయ్యాలి. తర్వాత పిడిని గడియారం ముళ్లకి ఎదురు దిక్కున తిప్పితే పట్టీ ఇంకా బిగియాలి. వదులైపోతుంటే పానాని తిరగేసి పెట్టాలి, బలం పెంచి లాభం లేదు. పట్టీ మూత అంచు మీదే ఉండాలి, కిందికి జారి గాజు మెడని పట్టుకుందంటే సీసా, మూత కలిసి తిరుగుతాయి.

పిడి 20 సెంటీమీటర్లుంటే, మూత వ్యాసార్ధం మూడున్నర సెంటీమీటర్లనుకుంటే, చేతి బలం దాదాపు ఆరింతలవుతుంది. అందుకని కుదుపు వద్దు. మెల్లగా లాగి పట్టుకుని ఉంటే జిగురు తనే వదులుతుంది. ఆటోనగర్‌లో ఆయిల్ ఫిల్టర్ విప్పడానికి వాడే పట్టీ పానా కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది కానీ, దానిలో ఇనప పట్టీ ఉంటే వంటింటికి తేవద్దు, మూత నొక్కుకుపోతుంది.

సీతమ్మధార కోడలుపిల్ల
ఇవన్నీ ఎందుకండీ, మూత మీద వేన్నీళ్లు పోస్తే ఇనుము వ్యాకోచించి వదులవుతుంది కదా? మా అత్తయ్యగారు ఎప్పుడూ ఇదే చేస్తారు.

గాజువాక ఫిట్టర్
అత్తయ్యగారి పద్ధతి మంచిదే, కారణం వేరు. 70 మిల్లీమీటర్ల ఇనప రేకు మూత 40 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో 30వ వంతు. కింద గాజు కూడా వేడెక్కితే అది కూడా పెరుగుతుంది, తేడా ఇంకా చిన్నదైపోతుంది. వేన్నీళ్లు నిజంగా చేసేవి రెండు పనులు: లోపలి గాలిని వేడెక్కించి ఖాళీని తగ్గించడం, మూత లోపలున్న మెత్తటి రబ్బరులాంటి వలయాన్నీ ఎండిన పాకాన్నీ మెత్తబరచడం. ప్లాస్టిక్ మూతకైతే వ్యాకోచం కూడా లెక్కలోకొస్తుంది, ఇనుముకి దాదాపు పదింతలు పెరుగుతుంది కాబట్టి.

పెందుర్తి పచ్చళ్లు
వేన్నీళ్లతో మూడు చిక్కులున్నాయి, కోడలుపిల్ల గారూ.

ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు సీసా మీద మరిగే నీళ్లు పోస్తే చిట్లుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి, అంటే సుమారు 50 డిగ్రీలు చాలు. అది కూడా సీసాని కాసేపు బయట ఉంచాకే.

పచ్చళ్లొచ్చే పల్చటి ప్లాస్టిక్ సీసాలు 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడి ముడుచుకుపోతాయి. మెడ వంకరపోతే మూత ఇక జన్మలో సరిగ్గా కూర్చోదు.

మూడోది ముఖ్యం. పచ్చడి సీసాని తలకిందులుగా వేన్నీళ్లలో ముంచి ఉంచే అలవాటుంది. ఖాళీ లేని పాత సీసాలో మరల సందుల్లోంచి నీరు లోపలికి పాకుతుంది. చుక్క నీరు చాలు, మన ఊరి ఉక్కకి వారంలో బూజు. అందుకని ముంచకండి. గుడ్డని వేన్నీళ్లలో తడిపి గట్టిగా పిండి, మూత చుట్టూ చుట్టి రెండు మూడు నిమిషాలు ఉంచండి. చల్లారితే మళ్లీ తడిపి చుట్టండి. తీసేముందు చుట్టూ పొడిగా తుడవండి.

ఇంకో సంగతి. పాకానికీ నూనెకీ మందు ఒకటి కాదు. తేనె, బెల్లం ఆవకాయ, దగ్గు మందు సీసాలకి పట్టేసేది చక్కెర, తడి వేడికి కరుగుతుంది. నువ్వులనూనె గాలికి ఆరి జిగురు కట్టిందంటే నీళ్లకి కరగదు. ఆ మూత అంచు చుట్టూ కొత్త నూనె నాలుగు చుక్కలు వేసి, అరగంట ఆగి, అప్పుడు వేడిగుడ్డ చుట్టండి.

భీమిలి రేవు
రేకు మూతకి తుప్పు పట్టి ఇరుక్కుంటే? సముద్రం పక్కనున్న ఇళ్లల్లో ఇదే ఎక్కువ.

పెందుర్తి పచ్చళ్లు
వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ తడిపిన గుడ్డపీలిక మూత కింది అంచు చుట్టూ చుట్టి పావుగంట ఉంచండి. తర్వాత పట్టీ పానా. తుప్పు వదిలించే స్ప్రేలు తినే సరుకున్న సీసా దరిదాపుల్లో వద్దు. తెరుచుకున్నాక ఆ మూత పారేసి కొత్తది వెయ్యండి. 63, 70, 82 మిల్లీమీటర్లు మామూలుగా దొరికే కొలతలు. సీసా మెడ బయటి కొలత కాదు, పాత మూతనే పట్టుకెళ్లి పోల్చుకుని కొనడం మేలు. ఉప్పు, పులుపు ఉన్న సరుకుకి రేకు మూత కింద బటర్ పేపరు ముక్క వేస్తే తుప్పు ఆలస్యమవుతుంది.

భీమిలి రేవు
వాటర్ పంప్ ప్లయర్‌తో పట్టి తిప్పేస్తే ఏటవుద్దండీ? ఇంట్లో ఎలాగూ ఉంటుంది కదా.

గాజువాక ఫిట్టర్
తెరుచుకుంటుంది. మూత అంచు నొక్కుకుపోయి మళ్లీ సరిగ్గా మూసుకోదు, పట్టు జారితే దవడ గాజుకి తగులుతుంది. అంతగా వాడాల్సొస్తే దవడలకి మందపాటి గుడ్డ చుట్టి, ఒక్కసారికే, మూత పారేసే ఉద్దేశంతో వాడండి.

అక్కయ్యపాలెం ఫిజియో
పెద్దవాళ్ల చేతుల గురించి అడిగారు కాబట్టి. ఇబ్బంది పెట్టేది బరువు కాదు, వేళ్లు బిగించి మణికట్టు మెలితిప్పడం, ముఖ్యంగా బొటనవేలి మొదటి కీలు. సీసాని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తిప్పితే రెండు చేతులకీ అదే శ్రమ. సీసాని గట్టు మీద తడిగుడ్డ పరిచి నిలబెట్టండి, అడుగు కదలదు. గట్టు నడుము ఎత్తున ఉండాలి. పిడి పట్టుకుని మోచేతితో, భుజంతో లాగాలి, మణికట్టు నిటారుగా ఉండాలి. పిడి లావుగా ఉన్న పనిముట్టే కొనండి. సన్నగా ఉంటే పాత గుడ్డ చుట్టి లావు చెయ్యండి.

అర కింద బిగించే వి ఆకారం పనిముట్టు వాళ్లకి మంచిదే. సీసాని రెండు చేతులా పట్టుకుని, మూతని ఆ పళ్ల మధ్యకి తోసి, సీసానే తిప్పాలి. వేళ్లు బిగించక్కర్లేదు, రెండు అరచేతులూ పనిచేస్తాయి.

గాజువాక ఫిట్టర్
అది బిగించే చోటు జాగ్రత్త. గ్రానైట్ పలక అడుగుకి మరలు ఎక్కవు, జిగురు టేపుతో అంటించేవి ఆ మెలికకి నిలవవు. చెక్క అర అయితేనే. అర మందం 18 మిల్లీమీటర్లుంటే మర 16కి మించకూడదు, పనిముట్టు రేకు మందం పోగా లోపలికి దిగేది ఇంకా తక్కువ కాబట్టి పైకి పొడుచుకు రాదు. ప్లైవుడ్ అయితే పట్టు బాగుంటుంది. రంపప్పొట్టు నొక్కి చేసిన బోర్డు అయితే ఇక్కడి చెమ్మకి ఉబ్బి మరలు వదిలేస్తాయి, దాని మీద ముందు ప్లైవుడ్ ముక్క వేసి బిగించండి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. అర అంచుకి మరీ దగ్గరగా కాకుండా, రెండంగుళాలు లోపలికి.

సీతమ్మధార కోడలుపిల్ల
వేడి పప్పు పెట్టి మూసిన స్టీలు డబ్బా చల్లారాక రాకపోతే? దానికి మరలే లేవు కదండీ.

కంచరపాలెం సైకిల్
మళ్లీ ఎచ్చబెట్టండమ్మా. డబ్బాని ఏడినీళ్ల గిన్నెలో సగం మునిగేలా పెడితే లోపలి గాలి పెరిగి మూతని తనే తోసేస్తాది. కాపోతే పప్పుగుత్తి కాడతో మూత అంచు మీద పక్కనుంచి సుట్టూ మెల్లగా కొట్టండి, పైనుంచి కాదు.

డాబాగార్డెన్స్ వంటిల్లు
టానిక్ సీసాల అల్యూమినియం మూత చిన్న ఉంగరంతో కలిసి ఊరికే తిరుగుతూనే ఉంటుంది, దానికేమైనా?

పెందుర్తి పచ్చళ్లు
మూతకీ ఉంగరానికీ మధ్య సన్నటి వంతెనలుంటాయి, అవి తెగనందువల్ల అలా తిరుగుతుంది. ఉంగరాన్ని కటింగ్ ప్లేయర్‌తో ఒకచోట తుంచి, విడదీసి తీసెయ్యండి, లేదా చుట్టూ ఉన్న చిల్లుల గీత మీద బ్లేడు నడపండి, సీసాని గుడ్డతో పట్టుకుని, బ్లేడు చేతికి ఎదురుగా కాకుండా. పిల్లలు తియ్యకుండా చేసిన మందు మూతలు వేరు, వాటిని అరచేత్తో కిందికి నొక్కి ఉంచుతూ తిప్పాలి, పానాతో ఎంత తిప్పినా టకటకమంటాయి తప్ప రావు.

ఇంకొకటి అందరికీ. కొన్న సీసా మూత లోపలికి కాక పైకి ఉబ్బి ఉంటే పనిముట్టు తియ్యకండి, తెరవకుండానే పారెయ్యండి, రుచి చూడొద్దు.

మీరు కొనాల్సింది చూస్తే, డాబాగార్డెన్స్ గారూ: మూత లేపే మీట ఒకటి, లావుపాటి పిడి ఉన్న రబ్బరు పట్టీ పానా ఒకటి, కంచరపాలెం వారి ట్యూబు ముక్క. అర కిందిది చెక్క అర ఉంటేనే. ఇక పచ్చడి తీసిన ప్రతిసారీ సీసా మూతిని, మరలని పొడి గుడ్డతో తుడిచి మూస్తే వీటి అవసరం సగం తగ్గుతుంది. వేడి సరుకు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, రేకు మూతని ఆగిన చోటే ఆపండి.

డాబాగార్డెన్స్ వంటిల్లు
అర్థమైందండీ. అర ప్లైవుడ్డే, 18 మిల్లీమీటర్లు. జాడీకి వాసెన కట్టినప్పుడు ముడి బిగుసుకుపోతే విప్పే ఉపాయం ఎవరికైనా తెలుసా? గోళ్లతో పీకడం పెద్దవాళ్ల వల్ల కావడం లేదు.

కంచరపాలెం సైకిల్
ముడి వెయ్యకండి. సైకిల్ ట్యూబుని సన్నగా అరంగుళం ఉంగరాలు కోసి, రెండు మూడు కలిపి గొలుసులా అల్లండి, గుడ్డ మీదుగా జాడీ మెడకి తొడిగితే చాలు. కారం, నూని తగిలితే రబ్బరు మెత్తబడి సాగిపోద్ది, అప్పుడు మార్చేసుకోండి.