పరీక్ష తప్పినవాళ్ళే పాత చైనాలో శాస్త్రవేత్తలయ్యారా?

నల్గొండ అక్క (ప్రశ్న)
మా తమ్ముడు ఏళ్ళుగా గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. ఈసారీ లిస్టులో పేరు రాలేదు. లైబ్రరీకి పోవడం మానేసి, ఊళ్ళో ఎవరి బోరు మోటరు కాలినా వైండింగ్ చేస్తూ కూర్చుంటున్నాడు. ఆ పనిలో పడితే వాడికి అన్నం కూడా గుర్తుండదు. నాన్నకేమో ఒకటే టెన్షన్. మొన్న పాత చైనా వైద్యుడు లీ షిజెన్ గురించి చదివాను. సర్కారు కొలువు పరీక్ష మూడుసార్లు తప్పి, తండ్రిలాగే వైద్యంలోకి దిగి, 1,892 ఔషధాల మీద పెద్ద గ్రంథం రాశాడట. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా, లేక ఇదీ మోటివేషన్ వీడియోల బాపతేనా? ఊరికే చెబితే వాడు నవ్వుతాడు.

పాలమూరు రిటైర్డ్ లెక్చరర్
నిజమే అమ్మా, కాకపోతే సగం కథే చెబుతారు. ఆ గ్రంథం 1578లో పూర్తయినా అచ్చయింది 1596లో. ఆయన 1593లోనే పోయాడు.

మీ తమ్ముడికైతే నేను సోంగ్ యింగ్‌షింగ్ గురించి చెబుతా. 1615లో ప్రాంతీయ పరీక్ష పాసయ్యాడు. పై పరీక్ష కోసం జియాంగ్‌షీ నుంచి బీజింగ్‌కు ఏళ్ళ తరబడి తిరిగాడు, ప్రతిసారీ తప్పాడు. చివరికి దొరికింది చిన్న ఊళ్ళో పంతులు ఉద్యోగం. అక్కడుండగానే 1637లో ‘థియాన్‌గోంగ్ కైవూ’ అనే పుస్తకం తెచ్చాడు. వరి, ఉప్పు, చెరకు, కుండలు, ఇనుము, ఈ పనులన్నీ ఎలా చేస్తారో బొమ్మలతో సహా. బొగ్గు గనిలో విషవాయువు సంగతి చూడండి: లావాటి వెదురు బొంగు లోపలి కణుపులు తొలిచేసి, కొస మొనదేల్చి బొగ్గులో దించుతారు. వాయువు ఆ బొంగులోంచి పైకి పోతుంటే కింద మనుషులు తవ్వుకుంటారు. సర్కారు ఆఫీసులో కూర్చున్నవాడి కంటికి ఇవి ఆనవు. ఈ పుస్తకానికీ పదవుల్లో పైకి రావడానికీ సంబంధం లేదని ముందుమాటలోనే రాసేశాడు. ఆ మాటలో కొంత కడుపుమంట కూడా ఉందని నా అనుమానం.

కోదాడ ఇంజనీర్
సార్ చెప్పింది బాగుంది కానీ, ఓడిపోయి ఏమీ కానివాళ్ళ పేర్లు మనదాకా రావు కదా. పైగా కొలువులో ఉండే పెద్ద పనులు చేసినవాళ్ళూ ఉన్నారు. భూకంపం ఏ దిక్కున వచ్చిందో చెప్పే కంచు పాత్రను 132లో చేసిన జాంగ్ హెంగ్ ఆస్థాన ఉద్యోగి. గువో షౌజింగ్ 1281 పంచాంగంలో ఏడాదికి 365.2425 రోజులు పెట్టాడంటే దేశమంతటా 27 చోట్ల పరిశీలనలు జరిగాయి. రాజు ఖజానా లేకుండా అయ్యే పనా?

షెన్ క్వోది మధ్యరకం. నదులు, సరిహద్దులు, ఖగోళం అన్నీ కొలువులో ఉండగా చూశాడు. 1082లో యుద్ధంలో ఓటమి తగిలి పదవి ఊడింది. తర్వాత మెంగ్‌షీ తోటలో తీరిగ్గా కూర్చొని చూసిందంతా రాశాడు. మట్టి అక్షరాలు కాల్చి అచ్చు వేసిన బీ షెంగ్ అనే సామాన్యుడి గురించి మనకు తెలిసింది ఆ పుస్తకం వల్లే. కొలువూ పనికొచ్చింది, అది పోవడమూ పనికొచ్చింది.

ఆలేరు నేతన్న
అంత దూరమెందుకక్కా? మా పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం గారు లేరా? చిన్నప్పుడే బడి మానేశారు. ఆసు పోసి పోసి (చీర నేసేముందు నూలును చేత్తో అటూ ఇటూ తిప్పి చుట్టే పని) అమ్మ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నల్గొండ అక్క
మల్లేశం గారు వాడికి తెలుసు. వెదురు బొంగు సంగతి చెబితే మాత్రం, “అంత పొడుగు బొంగులో నడిమి కణుపులు దేంతో తొలిచిన్రంట?” అని అడిగాడు. సార్, ఆ బొమ్మ ఉంటే ఇక్కడ పెట్టగలరా?