ఏడో తరగతికి గుండె పాఠం: మటన్ అంగడి గుండెకాయ తేవాలా, మోడల్ చాలా?

చిత్తూరు_బయాలజీ

ఏడో తరగతిలో శ్వాసక్రియ, రక్తప్రసరణ పాఠాలు రాగానే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల టీచర్ల మధ్య ఈ ప్రశ్న లేస్తుంది. మటన్ అంగడి నుంచి గొర్రె గుండె, ఊపిరితిత్తులు తెచ్చి క్లాసులో కోసి చూపించాలా, చార్టు, ప్లాస్టిక్ మోడల్ సరిపోతాయా?

నా మటుకు, ఈ రెండు పాఠాలకూ అసలు అవయవమే కావాలి. గుండె మోడల్లో నాలుగు గదుల గోడలూ ఇంచుమించు ఒకే మందంలో ఉంటాయి. కుడి పక్క నీలం, ఎడమ పక్క ఎరుపు రంగు వేసి ఉంటారు. ఒంట్లో నీలం రక్తం కూడా పారుతుందని పిల్లలు నమ్మేది దీనివల్లే. గొర్రె గుండెను చేతికిచ్చి నొక్కమనండి. ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క మెత్తగా తగులుతుంది. కోసి చూస్తే ఎడమ జఠరిక (కింది గది) గోడ కుడిదానికన్నా దాదాపు మూడింతలు మందం. కుడి జఠరిక రక్తాన్ని పక్కనున్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, ఎడమది కాలి వేళ్ళ దాకా తోయాలి. ఆ మందం చూశాక ఈ కారణం పిల్లల నోటనే వస్తుంది.

కొనేటప్పుడే సగం పాఠం చెడిపోతుంది. ఊరికే గుండెకాయ అడిగితే అంగట్లో దాన్ని చీల్చి, రక్తం కడిగి, పై నాళాలు తెగ్గోసి ఇస్తారు. ముందురోజే చెప్పిపెట్టి, వాయునాళం, ఊపిరితిత్తులు, గుండె ఒకే గుత్తిగా, కత్తిగాటు పడకుండా తీయించుకోవాలి. బృహద్ధమని (ఎడమ జఠరిక నుంచి ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం) కనీసం రెండు అంగుళాలు గుండెకు అంటుకుని ఉండాలి. తెచ్చాక వెంటనే కోయకండి. బృహద్ధమనిని పైకి పట్టుకుని చిన్న గరాటుతో నీళ్ళు పోస్తే దాని మొదట్లో ఉన్న అర్ధచంద్రాకార కవాటం (రక్తాన్ని వెనక్కి రానివ్వని తలుపు) మూసుకుని నీళ్ళు నిలబడతాయి. కాసేపటికి మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. కవాటం చెడిందనుకోవద్దు, దానికి కాస్త పైన కరోనరీ ధమనుల (గుండె కండరానికి రక్తం ఇచ్చే నాళాల) రంధ్రాలు ఉంటాయి, నీళ్ళు అటు పోతాయి. జఠరికకు ముందే గాటు పడి ఉంటే మాత్రం ఈ ప్రయోగం నమ్మదగ్గది కాదు.

ఆ తర్వాత పుపుస ధమనిలో (ఊపిరితిత్తులకు పోయే నాళంలో) కత్తెర దూర్చి కిందికి కోస్తే కుడి జఠరిక తెరుచుకుంటుంది. ఎడమ కర్ణిక (పై గది) నుంచి గుండె కొన దాకా కోస్తే ఎడమ జఠరిక. కవాటాల అంచుల్ని పట్టి ఉంచే తెల్లటి దారాలు అక్కడ కనిపిస్తాయి. చాలా మోడళ్ళలో వాటిని సరిగా చూపించరు. అవి లేకపోతే కవాటం వెనక్కి తిరగబడుతుందని చెప్పేదానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ఒక గుండె చుట్టూ ఆరేడుగురికి మించి చూడలేరు. నలభై మంది క్లాసుకు ఆరు కావాలి.

తిరుపతి_సైన్స్_టీచర్

సార్, మీరు చెప్పిన పద్ధతి సరైనదే. కానీ తిరుపతి బడిని కూడా తలుచుకోండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పొట్టేలు కోసే ఇంటి బిడ్డా, మాంసం వాసనే పడని ఇంటి బిడ్డా ఇక్కడ ఒకే బెంచీలో కూర్చుంటారు. ముఖం తిప్పుకుని కూర్చున్న పిల్లకు ఆ రోజు గుండె గురించి ఏమీ అందదు.

దీనికన్నా పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది. కోసిన గుండె నిర్మాణాన్ని చూపిస్తుంది, పనిని చూపించదు. మన పిల్లలకు అసలు లోటు పనిలోనే. జీర్ణవ్యవస్థ ఒక పాఠం, శ్వాస ఒక పాఠం, రక్తం ఇంకో పాఠం. ఈ మూడూ ఒకే ఒంట్లో ఒకదానికొకటి అప్పజెప్పుకుంటూ పని చేస్తాయన్నది ఏ చార్టులోనూ లేదు, గొర్రె గుండెలోనూ లేదు. పరుగెత్తిన పిల్లవాడి ఒంట్లో ఉంది.

ఒక పీరియడ్‌లో ఇలా చేయవచ్చు. ఇద్దరిద్దరిని జతచేసి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు చూపుడు, మధ్య వేళ్ళతో నాడి పట్టించాలి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి. తర్వాత ఉన్నచోటే ఒక నిమిషం పరుగు. ఆగీ ఆగగానే పదిహేను సెకన్లే లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. నిమిషమంతా లెక్కపెడితే ఆ లోపలే వేగం పడిపోతుంది, పెరుగుదల నిజంగా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ ఒక దెబ్బ తప్పితే జవాబులో నాలుగు తేడా వస్తుంది, కాబట్టి ఇద్దరు లెక్కపెట్టి సరిచూసుకోవాలి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పిల్లల చేత పరుగు పెట్టించకూడదు, వాళ్ళకు గడియారం అప్పగించండి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: కాళ్ళు కదా పరుగెత్తింది, గుండె ఎందుకు వేగం పెంచింది? ఊపిరి ఎందుకు పెరిగింది? పొద్దున తిన్న ఇడ్లీ ఎక్కడ చేరింది? అక్కడ మూడు పాఠాలూ కలుస్తాయి.

వార్డు_నర్సు_తిరుపతి

నాడి సంగతి మేడం సరిగ్గా చెప్పారు. ఊపిరి లెక్కలో ఒక జాగ్రత్త చెబుతాను. తన ఊపిరి లెక్కపెడుతున్నారని తెలియగానే ఎవరైనా శ్వాస మార్చేస్తారు. అందుకే వార్డులో నాడి చూసి, చెయ్యి వదలకుండానే, ఛాతీ లేచి పడడం లెక్కపెడతాం. పిల్లల జతకూ అదే నేర్పండి. ఊపిరిని మాత్రం నిమిషం నిండా లెక్కపెట్టాలి, ఎందుకంటే సంఖ్య చిన్నది. పదిహేను సెకన్లలో వచ్చేవి నాలుగో ఐదో, అందులో ఒకటి తప్పితే లెక్కంతా పోతుంది.

బొటనవేలితో నాడి చూడొద్దని పిల్లలకు కారణంతో సహా చెప్పండి. ఆ వేలిలో కొట్టుకునే సొంత నాడిని ఎదుటివాళ్ళదిగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

పలమనేరు_పశువైద్యం

అవయవాలు తేవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి. తెస్తే మాత్రం ఇవి తప్పనిసరి.

ఊపిరితిత్తుల మీద, కార్జం మీద నీటి బుడగల్లాంటి తెల్లటి తిత్తులు కనిపిస్తే ఆ గుత్తిని క్లాసుకు తీసుకుపోకండి. అది బద్దెపురుగు జాతి పరాన్నజీవి లార్వా దశ కావచ్చు. తిత్తిని ముట్టుకున్నంత మాత్రాన మనిషికి రాదు. కుక్క దాన్ని తింటే దాని పేగుల్లో పురుగు పెరిగి, మలంలో గుడ్లు పడి, అవి మనిషి నోట్లోకి చేరితే వస్తుంది. అందుకని బాగున్నవైనా సరే, పాఠం అయ్యాక మిగిలిన ముక్కలు వీధికుక్కలకు వేయకూడదు. రెండడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చి, పైన రాళ్ళు పెట్టండి.

ఊపిరితిత్తుల్ని నోటితో ఊదడం కొన్నిచోట్ల చూపిస్తుంటారు, అది పూర్తిగా తప్పు. లోపలి స్రావాలు గొట్టం గుండా వెనక్కి వస్తాయి. వాయునాళంలో గొట్టం పెట్టి, దారంతో బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టండి. మొత్తం పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో ఉంచి చేస్తే తుంపర్లు బయటికి రావు. పంపు ఆపగానే ఊపిరితిత్తి తనంతట తాను ముడుచుకుంటుంది, ఆ సాగే గుణమే పిల్లలు చూడాల్సింది. కత్తిగాటు పడి ఉంటే ఎంత కొట్టినా నిండదు.

అంగడి నుంచి బడికి ఐసు డబ్బాలో తెచ్చి, బయట రెండు గంటలకు మించి ఉంచకండి. అవయవాల్ని చెడకుండా నిల్వ ఉంచే ఫార్మలిన్ జోలికి అస్సలు పోవద్దు. దాని ఆవిరి కళ్ళనూ గొంతునూ మండిస్తుంది, అది క్యాన్సర్ కారకం కూడా. గ్లవ్స్ ఉన్నా తర్వాత సబ్బుతో చేతులు కడగాల్సిందే. బల్లల్ని ముందు సబ్బునీళ్ళతో తుడిచి, ఆ తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచు ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. మధ్యాహ్న భోజనం వడ్డించే వరండాలో మాత్రం ఈ పని వద్దు.

పీలేరు_ఎన్ఎస్

చట్టం ఒప్పుకుంటుందా? కాలేజీల్లోనే డిసెక్షన్ ఆపేశారు కదా?

చిత్తూరు_బయాలజీ

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2014లో ఆపించింది డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువుల్ని కోయడం. 1960 జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్ కూడా పుస్తకాలు, మోడళ్ళు, ఫిల్ములతో సరిపోయే చోట జంతువులపై ప్రయోగాలు మానుకోమంటుంది. రెండింటి ఉద్దేశం పాఠం కోసం జంతువును చంపకూడదని. తినేదానికి కోసిన గొర్రె గుండెను అంగట్లో కొనడం వేరు. అయినా హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం లేకుండా చేయొద్దు. కప్పను పట్టి తెచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి.

మేడం చెప్పిన పరుగు ప్రయోగం నాకూ ఇష్టమే. కానీ దానితోపాటు చేయించే సీసా బెలూన్ల ఊపిరితిత్తి మోడల్‌తో జాగ్రత్త. కింద రబ్బరు పొర లాగితే బెలూన్లు ఉబ్బుతాయి, పీడనం తగ్గితే గాలి లోపలికి వస్తుందన్నంత వరకు నిజం. ఆ తర్వాత అంతా తప్పుదారే. ఊపిరితిత్తి ఖాళీ సంచి అనిపిస్తుంది. బెలూన్‌కూ సీసాకూ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, మన ఛాతీలో ఆ చోట పలుచటి ద్రవపు పొర మాత్రమే. పక్కటెముకలు కదలనే కదలవు. దీన్ని సరిదిద్దేదానికి అసలు ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క కోసి నీళ్ళలో వేస్తే చాలు, తేలుతుంది. స్పాంజిలా గాలిగదులతో నిండిందని అప్పుడు అర్థమవుతుంది.

జీర్ణవ్యవస్థకు మాత్రం బోటి తేవొద్దనే నా మాట. గొర్రెకు నాలుగు గదుల కడుపు, చిన్నపేగు ఇరవై మీటర్లు దాటుతుంది. మనిషిది ఆరేడు మీటర్లు. మనిషి ఇలాగే ఉంటాడని పిల్లలు రాసుకుంటారు. నెమరువేసే జంతువుల పాఠానికైతే పనికొస్తుంది.

తిరుపతి_సైన్స్_టీచర్

జీర్ణానికి గంజి, ఉమ్మి, అయోడిన్ చాలు, అందరి ఇళ్ళకూ సమ్మతమే. అయోడిన్‌తో గంజి నీలమవుతుంది, ఉమ్మి గంజిలోని పిండిని విడగొడితే ఆ నీలం పోతుంది. ఒక గ్లాసు నీళ్ళకు చెంచాడు గంజి, అంతే. చిక్కగా ఉంటే ఎంతసేపైనా నీలం పోదు. వేడి గంజిలో ఉమ్మి కలిపితే పిండిని విడగొట్టే ఎంజైము చెడిపోతుంది, గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. రెండో గొట్టంలో ఉమ్మికి బదులు అంతే నీళ్ళు పోయాలి, లేకపోతే నీలం పలచబడింది నీళ్ళ వల్లేమో అని తెలివైన పిల్ల అడుగుతుంది, జవాబుండదు.

సున్నపుతేటలో ఊదించేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. పరుగెత్తాక ఊదితే త్వరగా తెల్లబడింది, అంటే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు శాతం పెరిగిందని రాయిస్తారు. వాళ్ళు గట్టిగా, ఎక్కువ గాలి ఊదినందుకూ అలా కావచ్చు. ఆ ప్రయోగం చెప్పేది బయటి గాలిలో 0.04 శాతం ఉన్నది వదిలే గాలిలో సుమారు 4 శాతం ఉంటుందన్నంత వరకే. ఊదుతూనే పోతే తెలుపు మళ్ళీ పోతుంది, అక్కడ ఆపించండి. పిల్లలు సున్నపుతేటను నోట్లోకి పీల్చకుండా పక్కనే నిలబడి చూడాలి.

అవయవాల విషయంలో ఇప్పటికి ఇంతవరకు వస్తాను: పీరియడ్‌లో అందరికీ నాడి, ఊపిరి. బడి వదిలాక సైన్స్ క్లబ్‌లో, ఇష్టపడి వచ్చిన వాళ్ళకు గుండె.

చిత్తూరు_బయాలజీ

బడి వదిలాక అంటే ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు అది లేనట్టే, మేడం. నాలుగున్నర బస్సు తప్పితే వాళ్ళకు ఇల్లు చేరే దారి లేదు. అందులో ఆడపిల్లలు ముందు వెళ్ళిపోతారు. చివరి రెండు పీరియడ్లు కలిపి తీసుకుని, వద్దనుకున్న పిల్లలకు పక్క గదిలో గరాటు స్టెతస్కోపు చేయించండి. ఆరేడు సెంటీమీటర్ల గరాటు, యాభై సెంటీమీటర్ల రబ్బరు గొట్టం, గరాటు మూతికి బిగించిన బెలూన్ ముక్క. గుండె చప్పుడు కవాటాలు మూసుకునేటప్పటిది కాబట్టి అటు గదిలో కళ్ళతో చూసినదాన్ని ఇటు గదిలో చెవితో వింటారు. రెండు గదులకూ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వవచ్చు.

తిరుపతి_సైన్స్_టీచర్

రెండు గదులకూ ఇద్దరు టీచర్లు కావాలి సార్. మా బడిలో జీవశాస్త్రానికి ఒక్కరే. ఆ రోజుకు ఫిజికల్ సైన్స్ సార్‌ను అడిగి చూస్తాను.